పాత తోట ట్రాక్టరు క్రింది కోత డెక్కు
(హోసూరు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏదేని ఒక విషయమును గూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మాకు తెలిసినవి బేరింగులు, బెల్టులు మాత్రమే గదా అని మనవి చేసితిమి. "అమెరికాకు పంపినారే, ఆ బేరింగును గూర్చియే చెప్పండి" అని వారు నవ్విరి. ఆ సంగతి వారికెట్లు తెలిసినదో మేమెరుగము. ఇక్కడ కూర్చున్నవారి ముఖములు చూడగా అందరికిని తెలిసియే యున్నట్లున్నది. కావున ఇక దాచి లాభము లేదు.

మేము మెట్రిక్యులేషన్ వరకు చదివినవారము; ఇంజనీర్లము కాము. హోసూరునకు సిప్‌కాట్ కర్మాగారములు వచ్చిన పిమ్మట మా తండ్రిగారు తెరచిన అంగడిలో ఇరువదియైదేండ్లుగా కూర్చున్నాము. మోటారు, పిండిమర, బోరు, పవర్ టిల్లరు, దేనికి ఏ బేరింగు కావలెనో చూచి యిచ్చుట మా వృత్తి. ఇట్టివారికి అమెరికాలోని గడ్డి కోయు యంత్రముతో పనియేమి అని మీరడుగవచ్చును. మన కుటుంబముల బిడ్డలు ఆ దేశమున ఊరి వెలుపల ఇండ్లు కొనుచున్నారు. ఇంటి వెనుక ఎకరమో, రెండెకరములో గడ్డి నేల యుండును. ఇల్లమ్మినవారు షెడ్డులో ఒక పాత ట్రాక్టరును వదలిపోవుదురు. వేసవి వచ్చునప్పటికి దాని క్రింద ఏదో కీచుమని అరచును. ఆ అరుపు ఫోటోగా మారి మా అంగడికి వచ్చును. ఈ మూడేండ్లలో ఈ సభలోనివారే ముగ్గురు అట్టి ఫోటోలను మాకు చూపినారు. మొదటి ఫోటో మాత్రము మా అక్కగారి ఇంటి నుండి వచ్చినది. అందు జరిగిన తప్పు మాది.

ముందుగా ఆ బండి యెట్టిదో చెప్పెదము. మన పొలములలో తిరుగు ట్రాక్టరును చూచినవారికి ఇది దాని బిడ్డవలె కనబడును. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో పట్టణముల చుట్టును ఇండ్లు, ఇంటింటికి గడ్డి నేల పెరుగగా, గుఱ్ఱము లేని చిన్న రైతునకును, నౌకరి చేయు గృహస్థునకును పనికివచ్చు చిన్న ట్రాక్టర్లు పుట్టినవి. ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ పట్టణమున సెసిల్ పాండ్ అనునతడు 1946లో వీల్ హార్స్ సంస్థను ప్రారంభించెను. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి కబ్ కెడెట్ 1961లోను, జాన్ డీర్ వారి 110 అను నమూనా 1963లోను బజారునకు వచ్చినవి. పిదప కబ్ కెడెట్ 1981లో ఎంటీడీ వారి చేతికి, వీల్ హార్స్ 1986లో టోరో వారి చేతికి పోయినవి. కర్మాగారములు చేతులు మారినను ఆ నాటి బండ్లు మాత్రము చావలేదు. వాటి గేరు పెట్టెలు పోత ఇనుముతో చేసినవి. ఇంజను సామాన్లు నేటికిని దొరకుచున్నవి. యాభై, అరువది ఏండ్ల బండి ఒక తాడు లాగుటతోనో, ఒక తాళము త్రిప్పుటతోనో బయలుదేరుట మేము కన్నులార చూచితిమి.

చచ్చునది బండి కాదు, దాని పొట్ట క్రింద వ్రేలాడు డెక్కు. ఒక పెద్ద బాణలిని బోర్లించినట్లు ఊహించుడు. రేకును అచ్చు వేసి చేసిన ఆ బాణలి వీపున రెండో మూడో నిలువు షాఫ్టులు దిగియుండును. ఒక్కొక్క షాఫ్టును, దానిని పట్టుకొను గూటిని, అందలి రెండు బేరింగులను కలిపి స్పిండిలు అందురు. పైన పుల్లీ, క్రింద బ్లేడు. ఇంజను నుండి వచ్చు బెల్టు పుల్లీలను త్రిప్పగా బ్లేడులు బాణలి లోపల తిరుగును. కోసిన తడిగడ్డి లోపలి రేకునకు అంటుకొని పులిసి దానిని తినివేయును. పైన ఎఱ్ఱ రంగు మెరయుచుండగనే క్రింద రేకు జల్లెడయగును.

బ్లేడు గడ్డిని కొడవలివలె కోయదని కూడ తెలిసికొనవలెను. 1830లో ఇంగ్లండున ఎడ్విన్ బడ్డింగ్ అనునతడు చేసిన మొదటి గడ్డి యంత్రము కత్తెరవలె రెండంచుల నడుమ గడ్డిని పట్టి కత్తిరించెడిది. బట్టల మిల్లులో గుడ్డపై నూగును కత్తిరించు యంత్రమును చూచి అతనికి ఆ ఊహ కలిగినదట. వర్తకులమైన మనకు విన సొంపైన మాట. మనము చెప్పుకొను డెక్కునందు కత్తెర లేదు. బ్లేడు వెనుక అంచు రెక్కవలె పైకి వంగియుండును. అది గాలిని పైకి లాగి పండుకొన్న గడ్డిని నిలువబెట్టును. అంచు వట్టి వేగముచేతనే దానిని నరకును. బ్లేడు కొన వేగము నిమిషమునకు 19,000 అడుగులు మించరాదని ఆ దేశపు ప్రమాణము. గంటకు లెక్క వేసిన సుమారు 347 కిలోమీటర్లు. అంత వేగముతో తిరుగు ఇనుప పట్టీని రెండు చిన్న బేరింగులు పట్టుకొని యున్నవని మనస్సున నుంచుకొనినచో, తక్కిన మా మాటలు మీకు అతిగా తోచవు.

2022 వేసవిలో మా బావగారు ఫోను చేసిరి. వారి బండి 1970 ప్రాంతపు వీల్ హార్స్, డెక్కు వెడల్పు 42 అంగుళములు, మూడు స్పిండిళ్ళు. నడిమి స్పిండిలు అరచుచున్నదని, విప్పి చూడగా బేరింగు గుండ్లు పొడియైనవని, దాని మీద 6204 అను అంకె కనబడుచున్నదని చెప్పి ఫోటో పంపిరి. మాకు గర్వము కలిగినది. 6204 అనగా లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 47, మందము 14. జపానులో చేసినను, జర్మనీలో చేసినను, పూనాలో చేసినను ఆ కొలతలు మారవు. దినమునకు పది అమ్ముదుము. మూడు స్పిండిళ్ళకు ఆరు బేరింగులు. అన్నియు కలిసి ముప్పాతిక కిలో బరువు కూడ లేవు. ఆ వారమే పోవుచున్న చుట్టము పెట్టెలో పెట్టి పంపితిమి. సొమ్ము వద్దంటిమి.

బావగారు వాటిని ఎక్కించుచు మరల ఫోను చేసి, "ఏమప్పా, చేత్తో నెట్టితేనే షాఫ్టు దూరిపోయింది. ఇట్లే ఉండాల్నా?" అని అడిగిరి. మేము గల్లాపెట్టె ముందు రద్దీలో నుంటిమి. "దూరితే మంచిదే కదా బావా, బిగించేయండి" అంటిమి. ఇరువదియైదేండ్ల వర్తకుడు అనదగిన మాటయా అది? షాఫ్టుపై బేరింగు బిగువుగా కూర్చుండవలెను; చేత్తో జారిపోవుచున్నదనగా అది కాని బేరింగని మా అంగడిలో చీపురు పట్టు కుర్రవాడు కూడ చెప్పును.

బావగారు మూడవ మారు గడ్డి కోయుచుండగా డెక్కు నుండి గణగణమని శబ్దము, కాలిన వాసన, ఆ వెంటనే ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు వచ్చినది. వారు ఇంజను ఆర్పిరి. నడిమి షాఫ్టు బేరింగులో వదులుగా ఆడి ఆడి అరిగిపోగా, బ్లేడు వంకరగా ఊగి బాణలి అంచును చీల్చినది. గడ్డి బయటికి చిమ్ము ద్వారము ప్రక్కన ఏడేండ్ల మా మేనల్లుడు నిలబడియుండెను. వాని కేమియు కాలేదు. ఈ మాటను మేమిప్పటికిని నిదానముగా చెప్పలేము.

2023 వేసవిలో మేము అక్కగారింటికి పోయినప్పుడు జేబులో వెర్నియరు కాలిపరును పెట్టుకొని పోతిమి. షాఫ్టును అరుగని చోట కొలిచి చూడగా 19.05 మిల్లీమీటర్లు, అనగా ముప్పాతిక అంగుళము. 6204 యొక్క రంధ్రము 20. నడుమ ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఖాళీ. పాత బేరింగును పెట్రోలుతో తుడిచి భూతద్దముతో చూడగా, 6204 అను అంకె తరువాత చెరిగిపోయిన మరి యొక గుర్తు కనబడినది. ఆ దేశమున వెలుపలి కొలత 6204దే అయి, లోపలి రంధ్రము అంగుళముల లెక్కలో నుండు బేరింగులు తోట యంత్రముల కొరకు చేయుదురు. 6203లోను అట్లే, మామూలు రంధ్రము 17 మిల్లీమీటర్లు కాగా, ఐదు బై ఎనిమిది అంగుళము, అనగా 15.875 మిల్లీమీటర్ల రంధ్రము గలది వేరుగా దొరకును. పైకి రెండును కవలలు. ఫోటోలో బ్రహ్మకైనను తెలియదు. ఇది చాలదన్నట్లు, ఆ స్పిండిళ్ళు వీల్ హార్స్ వారివి కావనియు, పూర్వపు యజమాని మరి యే బండివో తెచ్చి కొత్త రంధ్రములు వేసి బిగించెననియు అప్పుడే తెలిసినది. బండి పేరు చూచి పుస్తకమునందు సామాను వెదకినను తప్పేయయ్యెడిది. పాత బండి యొక్క పేరు పలకను గాని, బేరింగు మీది అంకెను గాని నమ్మరాదు. చేతిలో నున్న వస్తువును కొలువవలెను. షాఫ్టు వ్యాసము, గూటి లోపలి వ్యాసము, బేరింగు మందము, ఈ మూడు కొలతలు లేనిదే ఇప్పుడు మేము ఎవరికిని బేరింగు ఇచ్చుట లేదు.

ఇక పని జరిగిన తీరు చెప్పెదము. డెక్కును బండి క్రింద నుంచి పని చేయరాదు. ఇంజను చల్లారిన పిదప స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి దూరముగా వంచి కట్టవలెను. బ్లేడును చేతితో త్రిప్పినప్పుడు ఇంజను కూడ తిరిగి అంటుకొను ప్రమాదము గలదు. బెల్టు పోయిన దారిని విప్పక మునుపే ఫోటో తీయవలెను. మేము తీయలేదు; మరునాడు ఒక పూట దాని చిక్కు విప్పుటతోనే గడచినది. ఆ పైన ఇద్దరు మనుష్యులు కలిసి డెక్కును బయటికి లాగి బోర్లించవలెను.

లోపల పేరుకొన్న గడ్డిని కొయ్య పలకతోను, మొండి రేకుతోను గీకవలెను. నీటి పైపును వేగముగా కొట్టి కడుగుట చాలమందికి అలవాటు. ఆ నీరు బేరింగు మూతలను దాటి లోపలికి పోవును. రెండు నెలలలో గుండ్లు త్రుప్పు పట్టును. గీకిన పిమ్మట చిన్న సుత్తితో రేకునంతటిని తట్టి వినవలెను. కుండలు కొనునప్పుడు మన ఆడవారు తట్టి చూడరా, అట్లే. గంటవలె మ్రోగిన చోట రేకు బాగున్నది. డబడబమన్న చోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచిన దిగిపోవును. అంచులలో చిల్లులున్న భయము లేదు, అతుకు వేయవచ్చును. స్పిండిలు కూర్చుండు చోట రేకు పగిలినను, వంగినను ఆలోచింపవలెను. ఆ చోటు చదునుగా లేనిదే బ్లేడు చదునుగా తిరుగదు. బావగారి డెక్కున బ్లేడు చీల్చిన చోట 3 మిల్లీమీటర్ల రేకుతో అతుకు వేయించితిమి. వెల్డింగు చేయించునప్పుడు స్పిండిళ్ళను తీసివేయవలెను. తీయక చేసినచో వెల్డింగు విద్యుత్తు బేరింగు గుండ్ల గుండ పోయి వాటిపై సూక్ష్మమైన గుంటలు చేయును. అట్లు చెడిన మోటారు బేరింగులు మా అంగడికి నెలకొకటైనను వచ్చును. వచ్చినవారందరు బేరింగునే తిట్టుదురు.

మూడు స్పిండిళ్ళలో నడిమి దాని షాఫ్టు అరిగి పనికిరాకుండెను. దానిని అక్కడనే పూర్తిగా కొంటిమి. మా తప్పునకు మేమే చెల్లించితిమి. తక్కిన రెండింటి షాఫ్టులు అదృష్టవశమున అంతగా అరుగలేదు. వాటికి ముప్పాతిక అంగుళపు బేరింగులు తెప్పించి ఎక్కించితిమి. ఎక్కించుటలో ఒక ధర్మము గలదు. గూటిలోనికి దింపునప్పుడు బేరింగు వెలుపలి వలయమును నొక్కవలెను. షాఫ్టు మీదికి ఎక్కించునప్పుడు లోపలి వలయమును నొక్కవలెను. దీనికి మారుగా నొక్కినచో దెబ్బ యంతయు గుండ్ల మీద పడి, కొత్త బేరింగు మొదటి దినముననే గరగరమనును. తగిన పైపు ముక్కయు, పెద్ద వైసును ఉన్నచో చాలును. రెండు బేరింగుల నడుమ షాఫ్టుపై ఒక గొట్టము ముక్క యుండును. అది చూచుటకు పనికిమాలిన వస్తువువలె నుండును గాని, నట్టు బిగించినప్పుడు ఆ బిగువును లోపలి వలయములకు మధ్య మోయునది అదే. దానిని మరచి బిగించినచో రెండు బేరింగులును ప్రక్కకు నలిగి వేడెక్కును.

బేరింగు అంకె వెనుక 2ఆర్ఎస్ అని యున్నచో రెండు ప్రక్కల రబ్బరు మూతలు, జడ్‌జడ్ అని యున్నచో రేకు మూతలు. గడ్డిలో తిరుగు పనికి రబ్బరు మూతయే మేలు. స్పిండిలుకు గ్రీజు మూతి యున్నది గదా అని కొందరు ప్రతి వారము గన్నుతో గ్రీజు ఎక్కింతురు. రెండు ప్రక్కల మూతలున్న బేరింగులోనికి ఆ గ్రీజు పోదు. గూడు నిండి, ఒత్తిడికి మూతనే ఊడగొట్టును. అట్టి గూటికి గ్రీజు ఎక్కింపదలచినవారు ముందుగా లోపలి వైపు మూతను తీసియుండవలెను. చౌక బేరింగులను గూర్చి వర్తకులమైన మేము మాటలాడుట బాగుండదు గాని, పేరు గల పెట్టెలో పేరు లేని సరుకు పెట్టి అమ్ముట మా వ్యాపారమున లేదని ప్రమాణము చేయలేము. ధర సగమునకు సగము తగ్గినచో అనుమానింపుడు.

బెల్టు సంగతి. ఇందు అంకెల మోసము బేరింగు మోసము కంటె పాతది. మన అంగళ్ళలో ఏ 54 అనగా అర అంగుళపు వెడల్పు గల బెల్టు, లోపలి చుట్టు కొలత 54 అంగుళములు. అమెరికా తోట యంత్రములకు 4ఎల్ 560 అని వ్రాసియుండును. దాని వెడల్పు కూడ అర అంగుళమే, కాని 560 అనగా వెలుపలి చుట్టు కొలత 56 అంగుళములు. రెండును దాదాపు ఒకే పొడవు. ఇది తెలియనివారు 56 అను అంకె చూచి ఏ 56 కొని పోయి, బెల్టు వదులైనదని తిరిగి వత్తురు. పాత బెల్టును కొలిచి కొత్తది కొనుట కూడ సరి కాదు, అది సాగియుండును. పుల్లీల చుట్టును నారతాడు పట్టి కొలుచుకొనవలెను.

పొడవు సరిపోయినంత మాత్రమున పని తీరదు. పిండిమరకు వేయు మామూలు బెల్టును డెక్కునకు వేసిన కొన్ని వారములలో నల్లపొడిగా రాలును. డెక్కున బెల్టు ఎప్పుడును బిగువుగా నుండదు. బ్లేడులను ఆపదలచినప్పుడు ఒక పుల్లీ ప్రక్కకు తొలగి బెల్టును వదులు చేయును. మరల నొక్కినప్పుడు అది జారి జారి పట్టుకొనును. ఆ జారుడును ఓర్చుటకు అరామిడ్ దారములతో, పొడి గుడ్డ చుట్టుతో వేరుగా చేసిన బెల్టు కావలెను. బెల్టు మార్చునప్పుడు పుల్లీ గాడి అడుగును చూడుడు. అడుగు అద్దమువలె మెరయుచున్నచో బెల్టు ప్రక్కలను కాక అడుగును పట్టుచున్నదని అర్థము. ఆ పుల్లీ అరిగినది.

బ్లేడును క్షౌరకత్తివలె పదును పెట్టనక్కరలేదు. మొదట నున్న వాలునే ఆకురాయితో నిలిపి, రెండు కొనల నుండియు సమముగా తీసి, నడిమి రంధ్రమును గోడకు కొట్టిన మేకు మీద పెట్టి చూడవలెను. ఏ కొన క్రిందికి వాలినదో దానిని మరికొంచెము గీయవలెను. గ్రైండరు పట్టినచో అంచు నీలముగా మారకుండ చూచుకొనవలెను. నీలమైనదనగా ఉక్కు మెత్తబడినది. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయుట, విరిగినదానిని వెల్డింగు చేయుట, ఈ రెండు పనులను మనవారు పొదుపని చేయుదురు. చేయకూడదు. బ్లేడు వెనుక రెక్క ఇసుకకు అరిగి కాగితమైనను దానిని పారవేయవలెను. ఆ రెక్క ఊడినచో బుల్లెటే. ఇక బ్లేడును తలక్రిందులుగా బిగించుట యున్నది. రెక్క ఎప్పుడును బాణలి వైపునకే యుండవలెను. మేమొకదానిని తప్పు బిగించి, గడ్డి కోయబడక పండుకొనుచున్నదేమని అరపూట ఆశ్చర్యపడితిమి. మా అక్క వచ్చి చూచి, "మూడిట్లో ఇదొక్కటే వేరేగా ఉందే" అన్నది.

బిగించిన పిదప పరీక్ష. డెక్కును బండికి తగిలించి, చదునైన సిమెంటు నేలపై నిలిపి, అన్నిటికంటె ముందు నాలుగు టైరులలోను గాలి సరిచూడవలెను. ఒక టైరులో గాలి తగ్గినచో డెక్కును ఎంత సవరించినను వ్యర్థమే. ఒక బ్లేడు కొనను ముందునకు త్రిప్పి నేల నుండి ఎత్తు కొలువవలెను; అదే చోటికి రెండవ కొనను త్రిప్పి మరల కొలువవలెను. రెండు కొలతలు వేరుగా నున్నచో బ్లేడు వంగినది. మంచి బ్లేడు వేసినను భేదము పోనిచో షాఫ్టే వంగినది. ఇది తేలిన పిమ్మట ఎడమ కుడి వైపుల ఎత్తును అంగుళములో ఎనిమిదవ వంతునకు మించి భేదము లేకుండ సరిచేసి, ముందు అంచును వెనుకకంటె ఎనిమిదవ వంతు మొదలు మూడెనిమిదవ వంతుల వరకు తగ్గించవలెను. ముందు తగ్గినచో బ్లేడు ముందు వైపుననే గడ్డిని ఒక మారు కోసి విడిచిపెట్టును. తగ్గనిచో కోసిన గడ్డినే వెనుక మరల నలుపును, ఇంజనుకు బరువు పెరుగును. డెక్కు ప్రక్కనుండు చిన్న చక్రములు బరువు మోయుటకు కావు. అవి నేలకు కొంచెము పైన నుండి, ఎగుడు దిగుడు వచ్చినప్పుడు మాత్రమే తగిలి బాణలిని ఎత్తవలెను. ఈ కొలతలకు మాకు మొత్తము ఒక సాయంత్రము పట్టినది. మొదటి వరుస కోసి వెనుకకు చూడగా గడ్డి చాప పరచినట్లుండెను. మా జీవితమున వేలకొలది బేరింగులు అమ్మితిమి. అవి ఏమి పని చేయుచున్నవో పోయి చూచినది అదే మొదలు.

ఇక పిల్లలను గూర్చి. ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘమువారి నియమము చొప్పున, వెనుక నడచుచు నెట్టు గడ్డి యంత్రములలో 1982 మధ్య నుండి తయారైనవాటికి, చేయి వదలిన 3 సెకండ్లలో బ్లేడు ఆగవలెను. ఎక్కి తోలు నేటి బండ్లలో మనిషి ఆసనము నుండి లేచినచో ఇంజను ఆగిపోవును. పాత బండ్లలో చాలవాటికి ఇవేమియు లేవు. తోలువాడు దిగి పోయినను బ్లేడులు తిరుగుచునే యుండును. మరియు గడ్డి చిమ్ము ద్వారమున ఒక వాలు మూత యుండవలెను. గడ్డి అడ్డుపడుచున్నదని పూర్వపు యజమానులు దానిని ఊడదీసి పారవేసియుందురు. బావగారి డెక్కుకును మూత లేదు. ఆ ద్వారము నుండి రాయి వచ్చినను, విరిగిన ఇనుప ముక్క వచ్చినను అడ్డునది ఆ మూత యొకటే. మేము బేరింగుల కంటె ముందు దానినే తెప్పించితిమి. మీ బిడ్డల ఇంట పాత బండి యున్నచో మొదట ఆ మూత ఉన్నదో లేదో అడుగుడు. గడ్డి కోయునంతసేపును మనుమలను ఇంటి లోపల నుంచుడు. తాతగారి ఒడిలో కూర్చుండబెట్టుకొని బండి తోలు ముచ్చట మన ఫోటోలలో చాల కనబడుచున్నది, అది మానవలెను.

చలికాలమున ఏమి చేయవలెనని నిన్న ఒకరు అడిగిరి. గీకి ఆరబెట్టి, చెక్కపై నిలిపి, బెల్టును వదులు చేసి యుంచుట చాలును. రంగు వేయుట మీ ఇష్టము.

ఇట్లు మాటలాడుటకు ఇంత పాత బండిని బాగుచేయుట లాభమా అని మా బావగారి కుమార్తె అడిగినది. కొత్త బండి ధరలో ఎంత వంతు ఖర్చయినదో లెక్క వేసి చూపితిమి గాని, ఆమె దానికి ఒప్పుకొనలేదు. మీ విమానపు టిక్కెట్టు కలుపలేదు గదా మామయ్యా అన్నది. దానికి మా వద్ద సమాధానము లేదు.

మేము చెడగొట్టిన ఆ మొదటి బేరింగును తెచ్చి అంగడిలో బల్ల మీద పెట్టితిమి. కొత్త కుర్రవాడు పనిలో చేరినప్పుడు అది, ముప్పాతిక అంగుళపు ఇనుప ముక్క, రెండును చేతికిచ్చి దూర్చి చూడుమందుము. ఈ వేసవిలో ప్రయాణమగుచున్నవారు వచ్చినచో కాలిపరు పట్టుట చూపింతుము; పాత సామాను ఉన్నచో కడిగి తెండు. మంగళవారము మాత్రము మా అంగడికి సెలవు.